లేబర్: ఒక ఇంగ్లీషు మాట పాలమూరులో మనిషి పేరైన చరిత్ర

ఇంగ్లీషు నుంచి మన ఊర్లలోకి చాలా మాటలు వచ్చాయి. బస్సు, రైలు, పోలీసు, కోర్టు, కాంట్రాక్టరు. ఇవన్నీ వస్తువుల వెంటనో అధికారం వెంటనో వచ్చాయి. ఒక్క మాట మాత్రం మనుషుల మీద పడి మనుషుల పేరైపోయింది. అదే 'లేబర్'. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, నల్గొండ జిల్లా దేవరకొండ వైపు మెట్ట ఊర్లలోనూ 'లేబర్ ఎక్కిన్రా?', 'ఇద్దరు లేబర్ తక్కువైండ్రు', 'వాళ్లు లేబర్ పోయిండ్రు' అనే మాటలు రోజూ వినబడతాయి. ఈ మూడు వాక్యాల్లో ఆ మాట మూడు పనులు చేస్తోంది. ఒకచోట గుంపు, ఒకచోట మనిషి, ఒకచోట బతుకుతెరువు. దేశంలో ఏ మూల డ్యాం కట్టినా, కాల్వ తవ్వినా, రోడ్డేసినా కాంట్రాక్టర్ల నోట 'పాలమూరు లేబర్' అనే మాట వినబడుతుంది. జిల్లా పేరును ఒక రకం మనిషి పేరుగా మార్చిన మాట ఇది.

మాటకు చరిత్ర ఏముంటుంది, చరిత్ర మనుషులది కదా అని అడగవచ్చు. దళితుల విషయంలో ఆ రెంటినీ విడదీయలేం. మన పూర్వీకులు శాసనాలు వేయించలేదు, కైఫీయతులు రాయించలేదు. దస్తావేజుల్లో వాళ్లు కనబడేది వాళ్లకు ఇతరులు పెట్టిన పేర్లతోనే. వెట్టివాడు, బేగరి, పాలేరు, జీతగాడు, కామాటి, కూలి, లేబర్. ఈ పేర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎట్ల వచ్చినయో, ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చినప్పుడు ఏం మారిందో, ఏం మారలేదో చూడడమే ఈ వ్యాసంలో మేం చేసే పని.

లాటిన్ నుంచి లండన్ దాకా

'లేబర్' పుట్టుక లాటిన్‌లో ఉంది. అక్కడ ఆ మాటకు అర్థం ఒట్టి పని కాదు. కష్టం, బాధ, అలసట అన్నీ అందులో ఉన్నాయి. బరువు మోస్తూ తూలిపోవడం అనే అర్థమున్న ఇంకో లాటిన్ క్రియతో దీనికి చుట్టరికం ఉందని కొందరు భాషావేత్తలు అంటారు. ఆ చుట్టరికాన్ని అందరూ ఒప్పుకోలేదు. కానీ బరువు కింద తూలే మనిషి బొమ్మ ఈ మాట వెనక కనబడడం మనకు వింతగా అనిపించదు.

పాత ఫ్రెంచి మీదుగా ఇది 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలో ఈ మాట క్రమంగా పొలం దున్నడం దగ్గర స్థిరపడింది. ఇంగ్లీషులో మాత్రం ఒంటి కష్టం మొత్తానికీ వాడారు. 1348-49లో ఇంగ్లండును ప్లేగు ఊడ్చేసింది. పనిచేసే చేతులు కరువయ్యాయి. మిగిలినోళ్లు ఎక్కువ కూలి అడిగారు, ఎక్కువ ఇచ్చే చోటికి పోసాగారు. అప్పుడు అక్కడి భూస్వాములు, రాజు కలిసి 1351లో ఒక చట్టం చేశారు. దాని పేరు 'లేబరర్ల శాసనం'. ప్లేగుకు ముందున్న కూలికే పనిచేయాలి, ఒప్పుకున్న యజమానిని గడువు తీరకముందు వదిలి పోరాదు అని దాని సారాంశం. ఇంగ్లండులో పనిచేసే మనిషి పేరుతో వచ్చిన తొలి చట్టాల్లో ఒకటైన ఇది, ఆ మనిషిని కదలకుండా కట్టెయ్యడానికే వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకుందాం. ముందుకు పోయినకొద్దీ పనికొస్తుంది.

16వ శతాబ్దం చివరికల్లా అదే మాట స్త్రీల కాన్పు నొప్పులకు కూడా వాడుకలోకి వచ్చింది. 1776లో ఆడం స్మిత్ శ్రమ విభజన గురించి రాశాక అది అర్థశాస్త్రం మాట అయింది. ఒక సూదిని తయారు చేయడానికి పది మంది పనులు పంచుకుంటే ఉత్పత్తి పెరుగుతుందన్న లెక్క అందులో ఉంది. 19వ శతాబ్దంలో ఫ్యాక్టరీలు పెరిగినంక, పనిచేసే జనమంతా కలిసిన ఒక వర్గం అనే అర్థం వచ్చింది. ఒకపక్క పెట్టుబడి, ఎదురుగా లేబర్. 1900లో బ్రిటన్‌లో కార్మికుల తరఫున ఏర్పడిన కమిటీ 1906లో 'లేబర్ పార్టీ' అనే పేరు పెట్టుకున్నది. బాధ అనే అర్థంతో పుట్టిన మాట ఒక జెండా మీదికి ఎక్కింది.

ఇదే వేరు నుంచి వచ్చిన ఇంకో మాట మన యూనివర్సిటీల్లో బాగా గౌరవం పొందింది. అది 'లాబొరేటరీ', అంటే పనిచేసే చోటు. తెల్లకోటు వేసుకొని పని చేస్తే ల్యాబ్. తలపాగా చుట్టుకొని, గంప నెత్తికెత్తుకొని పని చేస్తే లేబర్. రెండూ ఒకే తల్లి బిడ్డలు. ఒకటి ఊర్లో ఉంది, ఒకటి వాడలో ఉంది.

ఇక్కడ వ్యాకరణం సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంగ్లీషులో 'లేబర్' లెక్కపెట్టే మాట కాదు. నీళ్లు, ఇసుక, సిమెంటులాగా అది రాశిగా ఉండేది. మనిషిని చెప్పాలంటే చివర ఒక తోక కావాలి, 'లేబరర్' అనాలి. మనిషి ఆ తోకలో ఉన్నాడు. పాలమూరుకు వచ్చేసరికి ఆ తోక తెగిపోయింది. 'పది మంది లేబర్' అంటున్నాం. మావోళ్లకు ఇంగ్లీషు రాక ఇట్ల జరిగిందని చదువుకున్నోళ్లు నవ్వుతారు. కానీ కాంట్రాక్టరు అంచనా కాగితాల్లో చూడండి. 'మెటీరియల్' ఒక పద్దు, 'లేబర్' ఒక పద్దు. మనిషిని కంకర పక్కన, అదే పేజీలో రాశి కింద రాసింది ఇంగ్లీషు వచ్చినోళ్లే.

ఇంగ్లీషు రాకముందు ఇక్కడున్న మాటలు

తెలంగాణలో పనికి పేర్లు లేక ఇంగ్లీషు మాట తెచ్చుకోలేదు. పేర్లు చాలా ఉన్నాయి. అన్నీ కులాన్ని మోస్తున్న పేర్లే.

మొదటిది 'వెట్టి'. సంస్కృతంలోని 'విష్టి'కి ఇది దగ్గరి మాట. కూలి ఇవ్వకుండా రాజ్యం చేయించుకునే పనిని అర్థశాస్త్రం ఆ పేరుతోనే చెప్పింది. ఉర్దూ పాలనలో దీనికి 'బేగార్' అనే ఫార్సీ మాట తోడైంది. నిజాం రాజ్యంలో దొరలు, పటేల్-పట్వారీలు, గిర్దావర్లు, తహసీల్దార్లు అందరికీ వెట్టి హక్కుగా ఉండేది. సర్కారు ఉద్యోగి ఊరికి వస్తే సామాను మొయ్యాలి. కబురు మోసుకొని పక్క ఊరికి ఉరకాలి. చెప్పులు కుట్టాలి, మోటబొక్కెన కుట్టాలి, డప్పు చాటాలి. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, గొల్లలు గొర్రెనియ్యాలి. అన్ని సేవకులాలూ వెట్టి చేశాయి. కానీ బరువు మోసే వెట్టి, పొద్దు మాపు లేని వెట్టి, మాల మాదిగలకే వచ్చింది. బేగార్ చేసిన మాలలకు 'బేగరి' అనే పేరు పడింది. రంగారెడ్డి, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అదే ఇప్పుడు ఇంటిపేరు. బడి రిజిస్టర్లో పిల్లవాడి పేరుకు ముందు రాసే ఆ మూడక్షరాల్లో, ఆ ఇంటి తాతముత్తాతలకు కూలి ఇవ్వలేదన్న సాక్ష్యం ఉంది. దొరగారి ఇంటిపేరులో ఊరుంటుంది, బేగరి ఇంటిపేరులో ఆ ఊరు తీసుకున్న పని ఉంటుంది.

రెండోది 'భగేలా'. అప్పు తీసుకొని, ఆ అప్పు కింద తన ఒంటిని అప్పజెప్పిన మనిషి భగేలా. ఊరి మాటలో జీతగాడు. ఇక్కడ 'జీతం' అనే మాటను కూడా చూడాలి. ఆఫీసరు నెలనెలా తీసుకునేది జీతమే, పదేండ్ల పిల్లగాడు దొర పశువుల వెంట తిరిగేదీ జీతమే. ఒకే మాట ఒకరికి గౌరవం, ఒకరికి బానిసత్వం. 'జీతం ఉన్నడు' అంటే ఒకటి, 'జీతం వస్తది' అంటే ఇంకొకటి. ఆ తేడా మా తల్లిదండ్రుల తరానికి వివరించి చెప్పాల్సిన పని లేదు.

1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ వెట్టిని మాన్పించాలని తీర్మానాలు చేస్తూ వచ్చింది. 1943లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక రెగ్యులేషన్ తెచ్చింది. కాగితం మీద ఉన్నది ఊర్లోకి రాలేదు. 1944 భువనగిరి సభ తర్వాత ఆంధ్రమహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. వెట్టికి ఎదురుతిరగడం గ్రామాల పని అయింది. 1946 జులై 4న అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడి నుంచి సాగిన సాయుధ పోరాటం వెట్టి నడుం విరగ్గొట్టింది. ఆ చరిత్రను మేం తక్కువ చేయడం లేదు. అయితే వెట్టి పోయినచోట భూమి ఎవరి చేతికి వచ్చింది, ఎవరు కూలికే మిగిలారు అన్న ప్రశ్న దళితులు అడగాల్సిందే. వెట్టి పోవడం ఒకటి, పని చేసేవాడి చేతిలో భూమి ఉండడం ఇంకొకటి.

మూడోది 'కామాటి'. ఇక్కడి నుంచి బొంబాయికి పోయి మట్టి మోసిన, ఇండ్లు కట్టిన మనుషులను అక్కడ కామాటీలన్నారు. ముంబైలోని కామాటిపురా పేరు తెలుగు నేల నుంచి పోయిన ఈ మనుషుల వల్ల వచ్చిందే. ఆ పేట ఇవాళ దేనికి పేరుపడ్డదో అందరికీ తెలుసు. ఆ పేట పేరులో ఉన్న మన చెమట గురించి తెలిసినోళ్లు తక్కువ. ఇదే మాట తెలంగాణ సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఒక ఉద్యోగం పేరుగా కూడా ఉంది. వంటమనిషి, వాచ్‌మన్, కామాటి. బడికి పోయిన మా తరానికి హాస్టల్ ఊడ్చే మనిషి కామాటి. ఆ మాట వయసు ఎంతో, అది ఎంత దూరం తిరిగొచ్చిందో అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

గుంపు, మేస్త్రీ, అడ్వాన్సు

పాలమూరుకు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పేరు మార్చారు. సర్కారు పేరు మారింది గానీ పని పేరు మారలేదు. 'మహబూబ్‌నగర్ లేబర్' అని ఎవరూ అనరు, పాలమూరు లేబరే. కృష్ణా, తుంగభద్రలు జిల్లా అంచునే పారుతున్నా మెట్ట పొలాలకు నీళ్లు రాలేదు. వానాకాలం ఒక్క పంట. అది పోతే వలస. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద కట్టిన నిజాంసాగర్ పనుల నుంచే పాలమూరు మట్టిపని గుంపులకు పేరొచ్చిందని ఇక్కడి పెద్దలు చెప్తారు.

1955 డిసెంబర్ 10న నల్గొండ జిల్లా నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలింది. 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ రాతికట్టడం మనుషుల నెత్తుల మీద లేచింది. రాళ్లూ సున్నమూ తట్టల్లో పెట్టుకొని, పరంజాల మీద వరుస కట్టి ఎక్కుతున్న ఆడోళ్లు మగోళ్లు ఆనాటి ఫొటోల్లో కనిపిస్తారు. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలను పచ్చగా చేసింది. డ్యాంకు దగ్గర్లోనే ఉన్న దేవరకొండ మెట్టలు ఎండిపోయే ఉన్నాయి. అక్కడి లంబాడీలు, మాదిగలు, మాలలు పక్కనున్న నీళ్లను చూసుకుంటనే బస్సెక్కి వలసపోయారు.

ఈ వలసను నడిపేవాడు గుంపు మేస్త్రీ. 'మేస్త్రీ' పోర్చుగీసు నుంచి వచ్చిన మాట, యజమాని, గురువు అని దాని అర్థం. 'గుంపు' మనది. 'అడ్వాన్సు' ఇంగ్లీషుది. మూడు భాషలు కలిసి ఒక మెడతాడు పేనినయి. దసరా, దీపావళి నాటికి మేస్త్రీ ఇంటింటికి అడ్వాన్సు ఇస్తాడు. పెండ్లి అప్పుకో, దవాఖాన ఖర్చుకో, తిండి గింజలకో ఆ పైసలు పోతాయి. ఆ తర్వాత ఆలుమగలు ఇద్దరూ గుంపులో కలిసి పోవాలి. తొలకరి దాకా వాపసు రారాదు. కూలి రోజుకింత అని చేతికి రాదు. వారానికోసారి తిండి ఖర్చు ఇస్తారు, లెక్క ఆఖరున తేలుస్తారు. లెక్క రాసేది మేస్త్రీ, చూసేది మేస్త్రీ. గుంపు మేస్త్రీ పైన పెద్ద మేస్త్రీ, అతని పైన సబ్ కాంట్రాక్టరు, ఆ పైన కంపెనీ. దెబ్బ తగిలితే, మనిషి చస్తే, ఒక్కొక్కరు తమ పై వాడిని చూపిస్తారు.

కాంట్రాక్టర్లకు పాలమూరు లేబర్ ఎందుకు ఇష్టం? గట్టి మనుషులని వాళ్లు చెప్తారు. అసలు సంగతి వేరు. ఊరికి దూరంగా ఉన్నవాడు, సైటు మీదనే గుడిసె వేసుకున్నవాడు, అప్పు మెడకున్నవాడు రాత్రి లేపినా లేస్తాడు. భాష రానిచోట తిరగబడడు. గట్టితనం ఒంటిలో ఉన్నది కాదు, అడ్వాన్సులో ఉన్నది. 1351 ఇంగ్లండు శాసనం రాతపూర్వకంగా చేసిన పనిని ఇక్కడ అడ్వాన్సు నోటిమాటతో చేస్తోంది. నడుమ ఇంకో మెట్టు కూడా ఉంది. బ్రిటిష్ ఇండియాలో 1859 నాటి చట్టం ఒకటి, అడ్వాన్సు తీసుకొని పని మానేసిన కూలీని జైల్లో పెట్టొచ్చని చెప్పింది. 1925లో గానీ అది రద్దు కాలేదు. యజమాని కూలి ఎగ్గొడితే దావా, కూలోడు పని ఎగ్గొడితే నేరం. చట్టం పోయింది, ఆ న్యాయం మేస్త్రీ నోట్లో బతికే ఉంది.

లేబర్ రూం

ఇదే మాటకున్న ఇంకో అర్థం మన ఆడోళ్లకు బాగా తెలుసు. సర్కారు దవాఖానలో తలుపు మీద 'లేబర్ రూం' అని రాసి ఉంటుంది. 'లేబర్' అంటే సైటు మీద పని అని తెలిసిన మనిషికి, కాన్పు గదికి ఆ పేరెందుకో మొదట అర్థం కాదు. లాటిన్ నాటి బాధ ఆ గది తలుపు మీద ఇంకా నిలిచి ఉంది. తెలుగులో మనం 'నొప్పులు' అంటాం, 'పురుడు' అంటాం. పనికి, కాన్పుకి మనకు వేర్వేరు మాటలున్నాయి.

కానీ బతుకులో అవి వేరుగా లేవు. ఊర్లో కాన్పు చేసే మంత్రసాని చాలాచోట్ల మంగలి, చాకలి, మాదిగ ఇండ్ల మనిషే. అంటరానిదన్న మనిషి చేతుల్లోకే ఊరి బిడ్డలు పుట్టారు. ఆ ఒక్కనాడు అంటు లేదు. పురుడు అయిపోగానే మళ్లీ వచ్చింది. బిడ్డను పట్టిన చేతికి కూలిగా ఇంత గింజలు, పాత చీర. ఆ పని ఏ లెక్కలోనూ శ్రమగా ఎక్కలేదు. ఇక వలస గుంపులో పోయిన ఆడమనిషికి రెండు లేబర్లూ ఒక్కచోటే. పొద్దున తట్ట, మాపున పొయ్యి, నెలలు నిండితే సైటు గుడిసెలోనే కాన్పు. పని మానేసిన రోజులు మేస్త్రీ లెక్కలో అప్పు కిందికి పోతాయి.

ఈ రెండు అర్థాలనూ కలిపి చూసినవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. 1928లో బొంబాయి శాసన మండలిలో ఫ్యాక్టరీ స్త్రీలకు ప్రసూతి భత్యం ఇచ్చే బిల్లు వచ్చినప్పుడు ఆయన దాన్ని బలపరిచాడు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం ఆ తల్లి ఒక్కదాని అవసరం కాదు, దేశం అవసరం అన్న వాదం వినిపించాడు. ఆ చట్టం 1929లో వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాటి అది మట్టిపని గుంపుల దాకా రాలేదు.

ఆ తోకను తిరిగి అతికించిన మనిషి

ఇందాక వ్యాకరణం దగ్గర ఒక తోక గురించి చెప్పుకున్నాం. 'లేబర్' అంటే పని, 'లేబరర్' అంటే మనిషి. 1936లో అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో చేసిన వాదం ఈ తోక మీదనే నిలబడింది. కులం అంటే శ్రమ విభజనే కదా, ప్రతి నాగరిక సమాజంలోనూ అది ఉన్నదే కదా అని కులాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు అన్నారు. ఆడం స్మిత్ సూదుల ఫ్యాక్టరీని చూపించి వర్ణధర్మాన్ని సమర్థించడమన్న మాట. అంబేద్కర్ దీన్ని ఒప్పుకోలేదు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషులనే గదులుగా విడగొట్టి, ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చుతుంది అన్నాడు. సూదుల ఫ్యాక్టరీలో తీగ లాగేవాడు రేపు మొన చెక్కవచ్చు. మాదిగ రేపు పూజారి కాలేడు. పంచింది పనినైతే మారొచ్చు. పంచింది మనుషులనైతే పుట్టుకతోనే పద్దు రాసేసినట్టు.

అదే ఏడు ఆయన పెట్టిన పార్టీ పేరు ఇండిపెండెంట్ లేబర్ పార్టీ. 'లేబర్' అనే మాటను ఆయన జెండాగా తీసుకున్నాడు, కానీ కులాన్ని మరిచిపోయి తీసుకోలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలోకి అంటరానివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. తెగిన పోగును నోటి తడితో అతికించాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని తోటి కార్మికులే అడ్డం పడ్డారు. ఎర్రజెండా యూనియన్లు దాన్ని పట్టుబట్టి అడగలేదు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో కార్మికులకు బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పింది ఈ అనుభవంతోనే. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నాడు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన 1946 సవరణ వెనక ఆయన ఉన్నాడు. మే డే ఉపన్యాసాల్లో చికాగో పేరు వినబడ్డంత ఈ సంగతి వినబడదు.

కార్మికుడు ఎవరు, లేబర్ ఎవరు

తెలుగులో 'లేబర్ డిపార్ట్‌మెంట్'ను 'కార్మిక శాఖ' అంటారు. 'లేబర్ డే' 'కార్మిక దినోత్సవం'. బోర్డు మీద 'కార్మిక', అడ్డా మీద 'లేబర్'. రెండూ ఒకే మాటకు అనువాదాలు కావు, రెండు రకాల మనుషులకు పెట్టిన రెండు పేర్లు. కార్మికుడికి యూనియన్ ఉంది, గేటు మీటింగు ఉంది, పీఎఫ్ ఉంది, కథల్లో కవితల్లో చోటుంది. లేబర్‌కు అడ్డా ఉంది, మేస్త్రీ ఉన్నాడు. పొద్దున ఆరు గంటలకు కూడలిలో నిలబడిన వాళ్లను 'కార్మికులారా' అని పిలిచే బండి ఒక్కటీ ఆగదు. యూనివర్సిటీ మెట్లెక్కిన మా ఇండ్లలోని మొదటి తరానికి ఇంకో అర్థం కూడా ఎదురైంది. బట్ట బాగ లేకపోతే, యాస వినబడితే, మెస్‌లో రెండోసారి అన్నం అడిగితే 'లేబర్‌గాళ్లు' అన్నారు. నిఘంటువులో లేని అర్థం అది. కులం పేరెత్తితే కేసవుతుందని తెలిసినోళ్లు, కులాన్ని ఇంగ్లీషులో తిట్టడం నేర్చుకున్నారు.

చట్టం దగ్గరకు వస్తే, అక్కడ మన మాటలు ఇంగ్లీషులోకి పోయాయి. రాజ్యాంగం 23వ అధికరణ 'బేగార్'ను పేరుపెట్టి నిషేధించింది. దానికి సరైన ఇంగ్లీషు మాట దొరకలేదు మరి. 1975 అక్టోబర్‌లో ఆర్డినెన్స్‌గా వచ్చి 1976లో చట్టమైన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో, దేశంలో ఏ పేరుతో ఉన్నా ఇది నేరమే అని ఒక జాబితా ఇచ్చారు. అందులో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన తాతల పేర్లు పార్లమెంటు చట్టంలోకి ఎక్కడం మొదటిసారి ఇట్లనే జరిగింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి సాంఘిక సంక్షేమ శాఖలో ఉండబట్టి తెలంగాణలో జీతగాళ్ల విడుదల కాగితం దాటి ఊర్లోకి పోయింది. దొరలకు కోపం వచ్చింది కూడా అందుకే.

అయితే ఆ జాబితాలో 'లేబర్' లేదు. ఎట్ల ఉంటుంది? అది చట్టం పేరులోనే ఉన్న మాట కదా. జీతం నుంచి బయటపడ్డ మనిషి అడ్వాన్సు తీసుకొని గుంపులో పోతే, అతను విడుదలైనట్టా, కానట్టా? ఏడాదంతా ఒక దొర కింద ఉండే కట్టు పోయి, తొమ్మిది నెలలు ఒక కాంట్రాక్టరు కింద ఉండే కట్టు వచ్చింది. దొర కండ్లముందు ఉండేవాడు, తిట్టడానికైనా ముఖం ఉండేది. కంపెనీకి ముఖం లేదు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. కనీస కూలి కన్నా తక్కువకు పనిచేయించుకుంటే అది బలవంతపు చాకిరీయే, ఎందుకంటే ఆకలి కూడా ఒక బలవంతమే అని దాని సారాంశం. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో అడ్వాన్సు లేదని రుజువు చేసే భారాన్ని యజమాని మీద పెట్టింది. ఈ రెండు తీర్పులతో చూస్తే పాలమూరు లేబర్‌లో ఎంత భాగం వెట్టి కిందికి వస్తుందో లెక్క తీయాల్సి ఉంటుంది.

ఒరిస్సా దాదన్ కూలీల బాధలు బయటికి వచ్చినంక 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్స్ ఉండాలి, వలస భత్యం కింద నెల కూలిలో సగం ఇవ్వాలి, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి అన్నది. దాన్ని 2020లో ఒక కోడ్‌లో కలిపేశారు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో వచ్చిన కార్డును ఊర్లలో 'లేబర్ కార్డు' అంటారు. ఏడాదిలో 90 రోజుల పని చూపిస్తే కార్డు వస్తుంది. పుణె దగ్గర పనిచేసినట్టు రాసిచ్చేదెవరు? పనిచేసినట్టు చెమటకు తెలుసు, కాగితానికి తెలియదు. 2005 ఉపాధి హామీ చట్టం మొదటి విడతలోనే, 2006లో, మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి. మనోళ్లు దాన్ని 'కరువు పని' అని పిలిచారు. ఉన్న ఊర్లో పని, తీసుకునే మనిషి పేరు మీద కూలి. కొన్నేండ్లు కొన్ని ఇండ్లలో అడ్వాన్సును తిప్పి పంపే ధైర్యం అది ఇచ్చింది.

ఇప్పుడు లేబర్ ఎవరు

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాల్వ సొరంగం కూలింది. నల్గొండ ఫ్లోరైడ్ ఊర్లకు కృష్ణా నీళ్లు తేవాల్సిన సొరంగం అది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణంతో బయటికి రాలేదు. వాళ్లలో నలుగురు జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు. దేశమంతా సొరంగాలు తవ్విన పాలమూరు నేల కింద, నల్గొండకు నీళ్లు తెచ్చే దారిలో, జార్ఖండ్ మనుషులు పోయారు. లేబర్ అనేది ఒక జిల్లా రక్తంలో ఉన్న గుణం కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అది ఒక స్థానం. ఒక జిల్లా కొంచెం లేస్తే ఆ స్థానంలోకి ఇంకో జిల్లాను, ఒక కులం పిల్లలు చదువుకుంటే ఇంకో కులం పిల్లలను తెచ్చి నిలబెడతారు. స్థానం మాత్రం ఖాళీగా ఉండదు.

అందుకే 'లేబర్' అనే మాటను నిషేధిద్దామని మేం అనడం లేదు. పేరు మారిస్తే స్థానం పోతుందని నమ్మితే, వెట్టి పోయి జీతం వచ్చినప్పుడే, జీతం పోయి లేబర్ వచ్చినప్పుడే అది పోయి ఉండాల్సింది. చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. తెగిపోయిన ఆ తోకను, అంటే మనిషిని, ప్రతిచోటా తిరిగి అతికించాలి. కాంట్రాక్టు కాగితంలో లేబర్ అని ఉన్నచోట పేర్లు అడగాలి. చనిపోయినచోట 'ఒక లేబర్' అని రాస్తే ఊరు, ఇంటిపేరు, కులం, అడ్వాన్సు ఎంత, లెక్క ఎవరి దగ్గర ఉంది అని అడగాలి. బళ్లలో చెప్పే టీచర్లు నాగార్జునసాగర్ పాఠం చెప్పేటప్పుడు ఎత్తు, పొడవుతో ఆపకుండా మోసిందెవరో పిల్లలతో వాళ్ల తాతల్ని అడిగించాలి. పరిశోధక విద్యార్థులు ముసలోళ్లు బతికి ఉండగానే గుంపు మేస్త్రీల లెక్క పుస్తకాలు వెతకాలి. సర్కారు రికార్డులో మనం దొరకం. ఆ పుస్తకాల్లో అప్పుగా దొరుకుతాం. అప్పుగా దొరికిన చోటు నుంచే మనిషిగా రాయడం మొదలుపెట్టాలి.